పసుపు చీర మీద రఫ్ఫు

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. మా నాన్న, మా అబ్బా, పోయిన గదిలోనే నలభై రోజులు ఒంటరిగా పడుకున్నదాన్ని. నాయుడుపేటలో ఇరవై ఏళ్ళుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. మనుషుల విషయంలో పొరబడతానేమో గానీ కుట్టు విషయంలో నా కన్ను పొరబడదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

నా పేరు షమీమ్. ఆ మధ్య అపెండిక్స్ పగిలి, నెల్లూరులో ఒక ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాను. అందులో మూడు రోజులు ఐసీయూలో, ఒంటి మీద తెలివి లేకుండా. బతుకుతానని మావాళ్ళెవరికీ నమ్మకం లేదట.

ఇంటికొచ్చాక నెలల తరబడి షాపు తెరవలేదు. మిషను ముందు కూర్చోబుద్ధి కాలేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. అప్పుడు మా చెల్లెలు నస్రీన్ తన ఫోనులో కొత్తగా వచ్చిన ఒక వెబ్ సిరీస్ పెట్టి చేతికిచ్చింది.

ప్రేమకథే, కానీ అంతా నవ్వులాట. హీరోకి రొయ్యల గుంటలుంటాయి. హీరోయిన్ గుంటల్లో నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగానికి వస్తుంది. నీళ్ళు బాగాలేవని ఆమె అంటుంది, నీ మిషనే బాగాలేదని అతనంటాడు. ఎనిమిది ఎపిసోడ్లూ అదే తగువు. ఆపరేషన్ చేసిన చోట చెయ్యి అదిమిపట్టుకుని నవ్వాను. నాలుగుసార్లు చూశాను. ఐదోసారి మొదలుపెట్టేసరికి షాపు తెరిచాను.

షూటింగ్ తోటపల్లి గూడూరు వైపు ఒక ఊళ్ళో జరిగిందని తెలిసి, ఒక ఆదివారం నస్రీన్‌ని వెంటబెట్టుకుని బయలుదేరాను. నెల్లూరు దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. అంతకుముందు నేను ఆ ఊరు పోలేదు. ఆ వైపు మాకు చుట్టాలు కూడా లేరు.

ముందు హీరో బండితో సహా కాలవలో పడే వంతెన చూశాం. ఫొటోలు తీసుకున్నాం. పక్కన టీ కొట్టాయన నన్ను చూసి, మళ్ళా వచ్చినారా అక్కా అన్నాడు. ఎవరనుకున్నాడో అని ఊరుకున్నాను.

తర్వాత హీరోయిన్ అద్దెకుండే ఇంటికి వెళ్ళాం. ఆ ఇల్లు కరుణమ్మ గారిది. అరవై ఏళ్ళుంటాయి, ఆదివారం ప్రార్థన ముగించుకుని అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు, చేతిలో బైబిలు ఉంది. నేను పేరు కూడా చెప్పకముందే గేటు తీశారు.

“వచ్చినావా అమ్మా. ఆ పొద్దు మజ్జిగ కూడా తాగకుండా పోయినావు” అన్నారు.

నేనెప్పుడూ ఇక్కడికి రాలేదని చెప్పాను. ఆమె నవ్వి, కూర్చోబెట్టి, అంతా వివరంగా చెప్పారు.

ఐదో ఎపిసోడ్‌లో హీరోయిన్ కట్టుకునే పసుపు చీర కరుణమ్మ గారి తల్లి పెళ్ళిచీర. షూటింగ్‌వాళ్ళు ముచ్చటపడి అడిగితే ఇచ్చారు. షాట్ తీస్తుండగా కొంగు తలుపు మేకుకు పట్టుకుని జానెడు చిరిగింది. తల్లి గుర్తుగా మిగిలింది అదొక్కటే. ఆమె ఏడుస్తూ కూర్చున్నారు. అప్పుడు గోడ దగ్గర నిలబడి చూస్తున్న జనంలోనుంచి నేను వచ్చి, సూది అడిగానట. దారం అడగలేదట. చీర లోపలి అంచులోనుంచే పోగులు లాగి, అరుగు మీద కూర్చుని చిరుగు అల్లానట. కాళ్ళకు చెప్పులు లేవట, బాగా నీరసంగా ఉన్నానట.

ఆ రోజు ఎప్పుడని అడిగాను. ఈస్టర్ ముందు శనివారం మధ్యాహ్నం అన్నారు, తడుముకోకుండా. ఆ శనివారం నేను ఐసీయూలో ఉన్నాను. డిశ్చార్జి కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

నా పోలికలున్న మరో మనిషి అయ్యుంటుందని చెప్పి, చీర చూపించమన్నాను. అక్కడితో ఆ మాట తేలిపోతుందనుకున్నాను.

చీర తెచ్చారు. పైనుంచి చూస్తే చిరుగు ఎక్కడుందో తెలియలేదు. తిరగేసి, వెలుతురుకు పట్టాను.

చిరుగును పోగులతో అల్లే రఫ్ఫు ఎవరైనా చేస్తారు. కానీ నాది ఎడమచేతి వాటం. నా పోగులు ఎదురువైపుకి వాలతాయి. పైగా చివర్లో నేను ముడి వెయ్యను, పోగును రెండుగా చీల్చి చెరొక దిక్కుకి దూరుస్తాను. అది మా అమ్మీ నేర్పిన పద్ధతి. అమ్మీది కుడిచెయ్యి, ఆమె పోయి తొమ్మిదేళ్ళయింది. నేను ఎవరికీ నేర్పలేదు.

చీర మీద పోగులు ఎదురువైపుకే వాలి ఉన్నాయి. చివర్లో ముడి లేదు. నా చేతిరాత నేను చదువుకున్నట్టే ఉంది.

కరుణమ్మ గారు మజ్జిగ తెచ్చి పెట్టారు. “ఈసారైనా తాగు. ఆ పొద్దు ఉండమ్మా అంటే, మా చెల్లెలు కూర్చోనుంది, పోవాల అంటివే” అన్నారు.

అంతవరకూ ఫొటోలు తీస్తున్న నస్రీన్ ఫోను పక్కన పెట్టేసింది.

తిరుగు బస్సు వెంకటాచలం దాటాక నోరు విప్పింది. ఆ శనివారం మధ్యాహ్నం తనను కాసేపు ఐసీయూలోకి రానిచ్చారట. నా ఎడమచేతి వేళ్ళు ఆగకుండా కదులుతున్నాయట. ఫిట్సనుకుని నర్సును పిలిస్తే, అలా కొందరికి ఉంటుందిలే అందట. నేను బెదిరిపోతానని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

“కుడుతున్నట్టే ఉండె ఆపా. నీ చెయ్యి పట్టుకుని, చాల్లే వచ్చెయ్ అని ఏడ్చినాను. దారం తెంపినట్టు ఒక్కసారి లాగి ఆపినావు. అప్పుడే కళ్ళు తెరిచినావు.”

తర్వాత డాక్టరు గారిని అడిగాను. తెలివి లేనప్పుడు చేతులు పాత అలవాటు కొద్దీ కదలడం మామూలేనన్నారు. ఒప్పుకుంటాను. వేళ్ళ సంగతికి అది సరిపోతుంది. చీర సంగతికి సరిపోదు.

దయ్యమందామంటే నేను బతికే ఉన్నాను. కల అందామంటే నాకు ఏ కలా గుర్తులేదు. కరుణమ్మ గారు అబద్ధమాడే మనిషి కాదు, ఆడినా ఆ కుట్టు ఆమెకు చేతకాదు.

ఆ రఫ్ఫు నాదే. ఎవరెదుటైనా ఈ మాట అంటాను. ఎప్పుడు, ఎలా చేశానో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.