వానకు అడ్డం కప్పు వేసిన ఉమామహేశ్వర

వేంపల్లె దాటి కాస్త లోపలికి వస్తే మా ఊరు. ఇక్కడ వాన పడితే జనం తడవడానికే బయటికొస్తారు. గొడుగును ఎండకోసమే కనిపెట్టారని పెద్దయ్యేదాకా నేను నమ్మాను. అలాంటి ఊళ్ళో ఉమామహేశ్వర తన ద్రాక్షతోట మొత్తానికి వాన తగలకుండా ప్లాస్టిక్ కప్పు వేశాడు. ఇనుప కమ్మీలు వంచి, సాళ్ళ మీద తెల్లటి పట్టలు పరిచి, తాళ్ళు బిగించాడు. చూడటానికి వచ్చినవాళ్ళలో సగంమంది పెళ్ళెవరిదని అడిగారు.

"ఏమప్పా, వానే లేదు గదా, ఈ గొడుగేంటికి?" అన్నాడు పక్క చేని మారెన్న.

"పడితే?"

"నీ నోట్లో చక్కెర పొయ్య! ముందు పడనీ."

ఉమామహేశ్వర వేసింది వైన్ ద్రాక్ష. బెంగళూరు వైపు ఒక చిన్న కంపెనీ, రసాయనం చుక్క తగలని కాయైతేనే కొంటామంది. పైగా అందరూ ఎండాకాలంలోపే కోసి ఊరుకుంటే, ఈయన వానాకాలంలో రెండో కాపు కూడా ఇస్తానని మాటిచ్చాడు. మా సీమలో వాన రాదు, వస్తే కుమ్మరించి పోతుంది. గుత్తులు తడిస్తే బూజు పడుతుంది. మందు కొట్టకూడదు కాబట్టి తడవనివ్వకపోవడం ఒక్కటే దారి. పోయినేడు ఆ కాపంతా బూజుపాలైంది. ఈసారీ పోతే తోట పీకేస్తానని భార్య లక్ష్మీదుర్గతో అన్నాడు. తీగలతో మాట్లాడినంత మర్యాదగా తనతో ఏనాడూ మాట్లాడలేదని ఆమె బాధ.

ఇంత చేసీ, కంపెనీవాళ్ళు పంపిన వైన్ ఒక్క గుక్క తాగి, కుంకుడు రసం కళ్ళలో పడ్డవాడిలా మొహం పెట్టాడు. "దీనికోసమా నేను ఇంత చేస్తాండేది?" అని సీసా మూత బిగించేశాడు.

ఆషాఢం వెళ్ళిపోతున్నా చినుకు లేదు. విత్తనానికి ఉంచిన బుడ్డలు, అదే వేరుశనగ, మూటల్లోనే ఉన్నాయి. ఊరికి ఒక కారణం కావాల్సి వచ్చింది. అది తోట మీద తెల్లగా మెరుస్తూ కనిపించింది.

"మబ్బు ఈడిదాంకా వచ్చి, ఆ పట్ట చూసి, వీళ్ళకు నేను వద్దేమోనని మళ్ళుకోని పోతాండాది" అని ఓబులమ్మ తేల్చేసింది. ఆమె ఉమామహేశ్వరకు సొంత మేనత్త. ఆమె తేల్చిందాన్ని కాదనే మగవాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

కరువొస్తే మా ఊళ్ళో వరదపాశం చేస్తారు. బెల్లపన్నం వండి, కడిగిన బండ మీద పోస్తారు. ఇంటికొకరు చొప్పున చేతులు వెనక్కి కట్టుకుని, వంగి నాలుకతో నాకాలి. ఒక్క ఇల్లు తప్పినా వాన రాదంటారు.

"ఒరే మయేశా, రేపు వరదపాశం. పట్టలు తీసేయల్ల" అంది ఓబులమ్మ.

"అత్తా, కాయ రంగు తిరిగింది. ఈ వారం తడిసిందంటే అంతా పాయె."

"దేవున్ని రారా అని పిలుస్తా ఎవరన్నా తలుపేసుకుంటారా?"

మరుసటి పొద్దున్నే ఉమామహేశ్వర పట్టలన్నీ చుట్టి పైకి కట్టాడు. ముడి వేసే ముందు ప్రతి సాలు దగ్గరా ఆగి గుత్తులు తడిమి చూసుకోవడం చూశాను. నిజం చెప్పాలంటే, అప్పుడు మాత్రం నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

బండ దగ్గరికీ వచ్చాడు. అందరితోపాటు వంగి నాకాడు.

"ఏమని మొక్కినావప్పా?" అన్నాడు మారెన్న, మూతి తుడుచుకుంటూ.

"కాయ కోసినాక రమ్మన్యా."

"దేవునికే టైము చెప్తాండావే!"

దేవుడు టైము వినలేదు. బండ కడగకముందే పడమటి కొండల మీద మబ్బు లేచింది. పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. జనం చేతులు చాచి కేకలు పెట్టారు. ఉమామహేశ్వర, లక్ష్మీదుర్గ మాత్రం తోటకేసి పరిగెత్తారు. గాలికి పట్ట ఎగిరిపోతోంది. ఇద్దరూ కలిసి ఒక్క సాలు కూడా కప్పలేకపోయారు.

అప్పుడు గట్టు మీద ఓబులమ్మ కనిపించింది. చీర ఒంటికి అతుక్కుపోయింది, వాన మొహం మీద పడుతుంటే నవ్వుతోంది. వెనక ఊరంతా ఉంది.

"దేవుడు చూసినాడు లేండి, ఇంక మూయండి! మారెన్నా, ఆ తాడు పట్టు! బలంగా లాగల్ల!"

తన చేను తడుస్తుంటే చూడాలని ఏడాదిగా ఎదురుచూసిన మారెన్న, అటు తిరిగైనా చూడకుండా తాడు పట్టాడు. వాన కోసం నేల నాకిన జనమే వానను ఆపడానికి బురదలో జారుతూ పట్టలు లాగారు. తిట్టుకున్నారు, నవ్వుకున్నారు. తూర్పు కొసన రెండు సాళ్ళు పోయాయి. తక్కిన తోటంతా కప్పులోకి వచ్చేసింది.

ఉమామహేశ్వర ఒక తీగ మొదట్లో కూలబడి తల దించుకున్నాడు. ఓబులమ్మ వంగి చూసింది.

"ఏడుస్తాండావారా?"

"లేదత్తా. వాన."

"పట్ట కింద వాన యాడిదిరా?" అంది ఆమె, తడి కొంగుతోనే అతని మొహం తుడుస్తూ.