గొర్రెల కాపరి, ఇంజనీరమ్మ, రెండు జీపులు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే బస్సు ఇరుకు రోడ్డు మీద ఆగిపోయింది. ముందు రెండు పార్టీల జీపులు ఎదురెదురుగా నిలబడ్డాయి. రోడ్డు దిగినవాడికి పరువు పోతుందట. ఏ జీపులో ఏముందోనని బస్సంతా బిగుసుకుపోయింది.

నా పక్కనున్న గొర్రెల కాపరి మాత్రం, అవతలి సీట్లో కూర్చున్న పులివెందుల ఇంజనీరమ్మ ఒళ్లో ఉన్న పచ్చని సర్క్యూట్ బోర్డునే చూస్తున్నాడు.

“ఏందిమ్మా అది?”

“కంప్యూటర్లను ఒగదాంతో ఒగటి కలిపే నెట్‌వర్క్ స్విచ్ లోపలిది మామా. ఇట్లాంటి బోర్డులు పదులకొద్దీ ఒగదాంతో ఒగటి మాట్లాడుకోవాల. బోర్డులు పెరిగేకొద్దీ రాగి తీగలకు జాగా చాలదు, వేడెక్కుతాయి. అందుకే వెలుగుతో మాట్లాడిస్తాండాం. రెండు వెలుగులు అడ్డమొచ్చినా ఒగదాంట్లోంచి ఒగటి దూరి, దేని దావన అది పోతాది.”

“ఇదేం కొత్త? మా మందలు ఎదురుపడినా కలిసిపోతాయి. కూతేస్తే ఎవురియి వాళ్లెంట పోతాయి.”

అంటూనే ఆయన దిగిపోయి జీపుల మధ్య నిలబడ్డాడు.

“గొర్లకు చాతనైంది మీకు చాతగాదా అప్పా? నేను కూతేస్తా. ఇద్దురూ ఒగేసారి ఎడమ చక్రాలు మట్టిలోకి దించండి. ఎవురూ ముందు దిగినట్టు గాదు.”

మందను పిలిచే కూత వేశాడు. ఎవరో నవ్వారు. రెండు జీపులూ ఒకేసారి కదిలాయి.

పరువు పిచ్చిని ఖండిస్తూ నేను ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. ఒక్క జీపూ అంగుళం జరగలేదు.

తిరిగొచ్చి కూర్చున్న కాపరి ఇంజనీరమ్మను అడిగాడు.

“ఆ వెలుగుకు మేతేందమ్మా?”

“కరెంటు మామా.”

“అయితే మా గొర్లే మేలు. మా ఊర్లో కరెంటు యాడుంటాది?”