పెద్దనాయన నడిపిన కుర్చీ

మా పెద్దనాయన పోయారని మొన్న గద్వాల నుంచి ఫోను వచ్చింది. నేను వెళ్లేసరికి ఇంటినిండా జనం. తొమ్మిదేళ్లు మంచంలో ఉన్న మనిషి గనక, అందరిదీ ఒకటే మాట: "పోనీతియ్, బాధ తప్పింది." నాకు ఒళ్లు మండింది. ఆయన చేసిన పని వీళ్లకేం తెలుసు?

పెద్దనాయన చీరలు నేసేవారు. ఆత్మకూరు దగ్గర జీపు బోల్తాపడి మెడ విరిగాక కాళ్లూ చేతులూ పడిపోయాయి. నోటికి మాత్రం పదును తగ్గలేదు. పలకరించడానికి వచ్చి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లను, "ఏడ్చుడు అయినంక చాయ్ తాగి పోండి" అనేవారు.

పోయినేడు హైదరాబాదులో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు, తలపుతో నడిచే చక్రాల కుర్చీని పరీక్షించడానికి ఆయనను పిలిపించారు. తోడుగా పెద్దమ్మా నేనూ వెళ్లాం. తలకు తీగల టోపీ పెట్టారు. కుడిచెయ్యి ఆడిస్తున్నట్టు తలచుకుంటే కుర్చీ కుడికి, ఎడమచెయ్యి అయితే ఎడమకు, కాళ్లు అయితే ముందుకు పోవాలి. పది రోజులే గడువు. కుర్చీ ఇంటికి ఇవ్వరని ముందే చెప్పారు.

"మరెందుకు గీ పరేషాన్?" అంది పెద్దమ్మ.

"నాలెక్క మంచంల పడ్డోళ్లు ఎంతమంది లేరు? వాళ్లకన్న పనికొస్తది."

కాళ్లూ చేతులూ ఆడించడమంటే ఆయనకు నేతే గనక, మగ్గం మీద నేస్తున్నట్టు తలచుకున్నారు. కుర్చీ ఉన్నచోటే వణికింది. తొమ్మిదో రోజుకూ అంతే. ఇక లాభం లేదని అక్కడి సారు టోపీ తీయబోతుంటే, పెద్దనాయనకు తట్టింది.

"తప్పు నాదే సారూ. మగ్గం మీద కాళ్లు, చేతులు అన్నీ కలిసే ఆడుతయి. మీ మిషన్ దేన్నని చూస్తది?"

మర్నాడు నన్ను ఎదురుగా కూర్చోమన్నారు. చిన్నప్పుడు నాకు నేత నేర్పింది ఆయనే. "ముందు కాలు తొక్కు. ఆగు. ఇగ కుడిచెయ్యి" అంటూ దేనికది విడదీసి చూపేవారు. నాకు అబ్బలేదు, అది వేరే సంగతి.

"మల్ల నీకే నేర్పుతున్న అనుకుంట బిడ్డా. ఈసారన్న సక్కగ నేర్చుకో" అని కళ్లు మూసుకున్నారు.

కుర్చీ కాస్త ముందుకు కదిలింది. ఆగింది. కుడికి తిరిగి, మెల్లగా ముందుకు సాగింది. నేను ఏడ్చేశాను. దారిలో పెద్దమ్మ కొయ్యబారి నిలబడి ఉంది.

"జర పక్కకు ఉండవే, నేనొస్తున్న" అన్నారు.

ఆమె గోడకు ఒదిగి దారి ఇచ్చింది. అన్నేళ్లూ ఆయన ఎక్కడికి కదలాలన్నా మామూలు చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వెనక నుంచి తోసింది ఆమే. కుర్చీ తనను దాటి తలుపుదాకా వెళ్తుంటే, ఖాళీగా ఉన్న రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.