రెండు గోలీలూ అక్కకే

డెబ్బయ్యో దశకంలో మా బాన్సువాడ దోమలు పిట్లం బస్సు వెనక నిచ్చెన పట్టుకుని, కిరాయి ఇవ్వకుండా ఊళ్లు తిరిగేవి. కండక్టరు దిగమంటే అతన్నే కుట్టేవి. నమ్మనివాళ్లతో నాకు పేచీ లేదు. నా ఉద్యోగమల్లా సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, జ్వరమున్నవాళ్ల వేలు పొడిచి, గాజుపలక మీద రక్తపు చుక్క పట్టి దవాఖానకు చేర్చడం.

అలా మలేరియా అని తేలినవాళ్లలో మా అక్క ఒకతె. నాట్లేసే ఆడవాళ్ల ముఠాకు ఆమె పెద్ద. డాక్టరు రెండు రకాల గోలీలు ఇచ్చాడు: కొద్ది రోజులు తెల్లవి, వాటితోపాటే మొదలుపెట్టి ఇంకొన్ని రోజులు ఎక్కువ మింగాల్సిన గోధుమరంగువి. జ్వరం దిగింది. కొన్ని వారాలకే మళ్లీ దుప్పటి కింద వణకసాగింది. కాలువకు నీళ్లు వదిలే రోజులు దగ్గరపడ్డాయి. ఆమె లేవకపోతే ముఠా ఇంకొకరి చేతికి పోతుంది.

“గోలీలన్నీ మింగినవా, అక్కా?”

“తెల్లవి మింగిన. కడమవి మీ బావకిచ్చిన. ఆయన గూడ వానల తడిసిండు గద, తమ్మి.”

బావ గోడకు ఆనుకుని మీసం దువ్వాడు. “నాకైతే మంచిగ పనిచేసినయి. జరమే రాలే.”

“జరం పోయినంక గా రెండోది ఎందుకు?” అంది అక్క.

“కొన్ని పురుగులు నెత్తురుల ఉంటయి. వాటికి తెల్లవి. కొన్ని కార్జంల దాక్కుంటయి. వాటికి గివి.”

నా జన్మలో చెప్పిన కొద్ది నిజాల్లో అదొకటి. అక్క మొహం తిప్పుకుంది. “గిది గూడ నీ బస్సు దోమల కతనే.”

ఇక మాటను పొలంలోకి దింపాను. “ఎలుక బొక్కకు పొగ ఎట్ల పెడతవే?”

“ఒకలు పొగ పెట్టాలె, ఒకలు అవుతలి బొక్కకాడ కట్టె పట్టుకొని నిలవడాలె. గంత తెల్వదా?”

“మరి నువ్వు పొగ నీ పొలంల పెట్టి, కట్టె బావ చేతికిచ్చి పక్కూరికి తోలినవు.”

అక్క కాసేపు బావను ఎగాదిగా చూసింది. మర్నాడు నాతో దవాఖానకు వచ్చింది. డాక్టరు మళ్లీ రాసిన గోలీలు రెండు రకాలూ పూర్తిగా మింగింది. బావ ఎంత ఆశగా చూసినా ఒక్కటి విదల్చలేదు.

తర్వాత తీసిన రక్తంలో పురుగు జాడ లేదు. నీళ్లొచ్చిన పొద్దున మడిలో మొదటి అడుగు అక్కదే. నాట్లన్నీ అయ్యేదాకా జ్వరం ఆమె గడప తొక్కలేదు. చివరి మడిలో నేనూ ప్యాంటు మడిచి దిగాను. ఆమె వరుస ముగించి గట్టెక్కేసరికి నేనింకా సగంలోనే ఉన్నాను.

“ఏంది తమ్మి, నడుము పట్టిందా? జెర జరుగు, గా సగం గూడ నేనే నాటుత” అంటూ అక్క మళ్లీ బురదలోకి దిగింది.