రంభ పాటల కాసెట్

డిసెంబర్ మొదట్లో దెగ్లూర్‌లోని మా ఇంటికి ఫోన్ వచ్చింది. "మీ కాక పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ ఇచ్చిన, తాగలే," అని పెట్టేసింది కాకూ. ఆయన రైల్వేలో గార్డు, ఒకప్పుడు నాందేడ్ క్వార్టర్లలో మా పక్కిల్లు. లైన్‌లో అందరం ఆయనను కాక అనీ, ఆయన భార్యను మరాఠీ వాళ్లలాగే కాకూ అనీ పిలిచేవాళ్లం. ఫోన్ పెట్టాక నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. అదెందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

తొంభైలలో పెళ్లయి నిజామాబాద్ నుంచి ఆ క్వార్టర్లకు వచ్చాను. క్రిస్మస్ నాడు కాక వాకిట్లో బల్ల వేసి, తెల్ల తువాలు పరిచి, దాని మీద టేప్ రికార్డర్ పెట్టేవారు. లైన్‌లోని అన్ని ఇళ్ల వాళ్లం చుట్టూ చేరేవాళ్లం. కాకూ చేసిన గరిజెలు పళ్లెంలో ఊరిస్తుండేవి, కానీ చెయ్యి వేయనిచ్చేవారు కాదు. "మొదలు వినుడు, తర్వాత తినుడు" అనేది ఆయన చట్టం. గడియారం చూసుకుని, పచ్చజెండా ఊపినట్టు చెయ్యి ఊపి, బటన్ నొక్కేవారు.

అవి ఆఫ్రికా పాటలు. రైల్వే తరఫున ఆయన కొన్నేళ్లు టాంజానియాలో పనిచేశారు. అక్కడ ఒక క్రిస్మస్ నాడు రేడియోలో వస్తుంటే, పక్కన ఈ టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్నవి. గిటార్లు ఒకదాని వెంట ఒకటి తొందర లేకుండా నడిచేవి. "రుంబా, రుంబా" అని ఆయన ఎంత మొత్తుకున్నా లైన్‌లో అందరికీ అవి రంభ పాటలే. మా అత్తగారు మొదటిసారి విని, "రంభ ఏదే, అన్నీ మొగోళ్ల గొంతులేనాయె!" అంది. ఎదురింటి ఫిట్టర్ చాచా మాత్రం దునియా, సఫరి, హబరి అన్న మాటలు చెవిన పడగానే "అరే, యే తో హమారీచ్ బాత్ హై!" అని, అవి తన ఉర్దూ మాటలే అన్నట్టు కుర్చీలోంచి లేచేవాడు. "హబరి అంటే మన ఖబరే చాచా. మంచిగున్నవా అని అడుగుతరన్నట్టు," అనేవారు కాక. ఏడాదిలో ఆయన గట్టిగా నవ్వేది ఆ ఒక్కరోజే.

రెండో పాట అయిపోగానే కాసెట్‌లో ఒక చిన్నపిల్ల గొంతు వచ్చేది. "బాపూ, మల్ల పెట్టు." అంతే, మూడు మాటలు. కాక వెంటనే టేపు వెనక్కి తిప్పి, రెండో పాట మళ్లీ పెట్టేవారు. ఏటా అంతే. అది ఆయన కూతురు. ఆరేళ్లది. పాటలు పట్టిన మరుసటి ఏడాదే జ్వరమొచ్చి పోతే, అక్కడి మట్టిలోనే పెట్టి వచ్చారు. ఫోటోలు ఇంట్లో ఉండేవి. గొంతు మాత్రం ఆ కాసెట్‌లోనే ఉండేది.

మూడో ఏడు నేను ఆ కాసెట్ అడిగాను. నాకప్పుడు ఐదో నెల. మా ఆయన రెండు కాసెట్లు పట్టే టేపు కొన్నాడు. నకలు తీసి పెడితే, అసలుది అరిగిపోయినా ఆ పిల్ల గొంతు మిగులుతుందని నా అతితెలివి. ఎవరికీ ఇవ్వని మనిషి నా చేతిలో పెట్టి, "పైలం బిడ్డా" అన్నారు. ఇంటికి తెచ్చి రెండో పాట చివరిదాకా విన్నాను. ముందు ఆ గొంతే దింపుకుందామని ఆపి, పక్క అరలో ఖాళీ కాసెట్ వేసి, రికార్డు చేసే ఎర్ర బటన్ నొక్కాను. ఏ అరలోంచి ఏ అరలోకి ఎక్కుతుందో చూసుకోలేదు. ఎంతసేపటికీ ఏమీ వినబడలేదు. కాక కాసెట్‌ను వెనక్కి తిప్పి పెట్టి చూస్తే, రెండో పాట తర్వాత ఉస్సుమని ఖాళీ. ఆ పిల్ల గొంతు చెరిగిపోయింది.

చెప్పలేకపోయాను. తిరిగి ఇచ్చేటప్పుడు "మంచిగచ్చింది కాకా" అన్నాను. పాపిష్టి నోరు.

మరుసటి క్రిస్మస్‌కు నా బిడ్డ ఆయన ఒళ్లో ఉంది. నొప్పులప్పుడు రిక్షా కోసం పరుగెత్తింది కూడా ఆయనే. రెండో పాట అయిపోయింది. ఉస్సుమంది. అందరూ ఆయన ముఖం చూశారు. ఆ మూడు మాటలకు పట్టేంత సేపు ఆగి, ఆయన ఎప్పటిలాగే టేపు వెనక్కి తిప్పారు. "టేపు పాతదైంది" అన్నారు, ఎవరూ అడగకముందే. నా వైపు చూడలేదు. ఆ తర్వాత చాచా ఎంత "హమారీచ్" అన్నా ఆయన నవ్వింది లేదు. మేము బదిలీ మీద వెళ్లిపోయేదాకా ఏటా అదే ఖాళీ, అదే మాట.

ఫోన్ రాగానే నాందేడ్ వెళ్లాను. కాకను మట్టి చేసి వచ్చిన సాయంత్రం కాకూ ముందు కూర్చుని అంతా చెప్పేశాను.

"ఎరుకే," అంది కాకూ. "నువ్వు తెచ్చిచ్చిన నాడే పెట్టి చూసిండు. రెండు దినాలు అన్నం ముట్టలే. నీ పేరెత్తితే నా మీద ఒట్టన్నడు. కడుపుతోనున్న పిల్ల, బుగులు పడ్తదన్నడు." మళ్లీ తనే, "ఆయన మాఫ్ చేసిండు. నేనైతే చెయ్యలే," అంది.

పిలవకపోయినా ఈ క్రిస్మస్‌కు దెగ్లూర్ నుంచి మొదటి బస్సు ఎక్కి వెళ్లాను. రిటైరయ్యాక నాందేడ్‌లోనే కట్టుకున్న ఇంటి వాకిట్లో బల్ల ఉంది, తెల్ల తువాలు ఉంది. గరిజెలు లేవు. చాచా ముందే వచ్చి కూర్చున్నాడు. కాకూ పాట పెట్టింది. దునియా అన్న మాట వచ్చింది, చాచా లేవలేదు. రెండో పాట అయిపోయి, ఉస్సుమనే చోటు వచ్చింది. కాకూ చెయ్యి కదపలేదు.

"నువ్వే తిప్పు," అంది. "నేనున్నన్ని ఏండ్లు నువ్వే అచ్చి తిప్పాలె."

చెయ్యి చాపాను. వేలు ఎర్ర బటన్ వైపే పోయింది. గబుక్కున వెనక్కి తీసుకుని, ఒక్కొక్క బటన్ వంగి చూసుకుంటూ, వెనక్కి తిప్పేది వెతుకుతున్నాను. వాళ్లిద్దరూ నా వేలునే చూస్తున్నారు. టేపు ఇంకా ఉస్సుమంటూనే ఉంది.