పెరగని రహీంబీ బరువు

నిన్న వార్డుల నా పరువు ఎట్ల పోయిందో చెప్తా. చాయ్ మింగినంకనే నవ్వుండ్రి, లేకుంటే పొలమారుతది!

మా దవాఖాన క్యాన్సర్ వార్డుల రహీంబీ అని ములుగు దిక్కు ముసలమ్మ ఉంది. దవడల పుండు. పెద్ద డాక్టరుది ఒకటే మాట: "మనిషి ఎండిపోయింది. బరువు పెరిగితేనే ఆపరేషన్. లేకుంటే తట్టుకోదు." ఆలస్యమైతే పుండు ఆగుతదా? తిండి, తూకం రెండూ నా డ్యూటీ. పంతం పట్టిన. ఈమెను పెంచకుంటే నేను హౌస్ సర్జన్నే కాదు!

పాలపొడి పాలల్ల గుడ్డు గిలక్కొట్టి ఆమె కొడుకు యాకూబ్ స్పూనుతోని పోస్తాంటే, నేను పక్కనే కావలి. "నొస్తాంది బిడ్డా" అనేది. "నొచ్చినా మింగాలె చాచీ!" అనేటోణ్ని. పాపం, కండ్లనీళ్లు తుడుసుకుంట మింగేది. రోజురోజుకు ఆమె అంటే నాకు ఇష్టం పెరిగింది. బరువు మాత్రం ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే!

యాకూబ్ మీద ఎగిరిన. "ఆ పాలు నువ్వు తాగుతానవా ఏంది?"

"అల్లాతోడు డాక్టర్ సాబ్! నేను చాయ్ గూడ బయటనే తాగుతాన!"

నిన్న రౌండ్సుల పెద్ద డాక్టరు ఆమె కాలు నొక్కి చూసిండు. వాపు లేదు. జబ్బకు టేపు చుట్టిండు. "కండ పట్టిందయ్యా! మరి బరువెందుకు పెరగలే? ఏదీ, నా ముందల తూయి."

తూసిన. తూకం మిషన్ అడ్డకడ్డీ సమంగ నిలవంగనే దాని మీద జరిపే బిళ్ల ఆపాలె గద. నా చెయ్యి ఆగలే. కడ్డీ ఆమె దిక్కు మొగ్గేదాక బిళ్లను ఎనక్కి జరిపిన.

"ఏందది?"

"మొగ్గు సార్."

"మీ నాయన ఏం చేస్తడు?"

"హన్మకొండల కిరాణ దుకాణం సార్."

వార్డంత నవ్వుడే! ఏం జెయ్యాలె, తక్కెడ సమంగ నిలబెడితే మా నాయన ఊకోడు. గిరాకీ దిక్కు జర మొగ్గాలె, ఇష్టమైనోళ్లకు ఇంకింత. సేర్లు పోయి కిలోలొచ్చినా మా ఇంట్ల మొగ్గు పోలే. రహీంబీ మీద ఇష్టం పెరిగినకొద్ది నా మొగ్గు పెరిగింది. బిళ్ల ఎనక్కి జరిగినకొద్ది అంకె తగ్గుతది గద, ఆమె పెరిగిన బరువంత అండ్లనే పోయింది!

సారే సరిగ్గ తూసిండు. బరువు సరిపోయింది! "సోమవారం ఆపరేషన్" అన్నడు. నాకు సంతోషం, సిగ్గు రెండూ ఒక్కసారే. యాకూబ్ చేతులు పట్టుకొని మాఫీ అడిగిన.

రహీంబీ మిషన్ దిగి, దవడ పట్టుకొని నవ్వుకుంట పెద్ద డాక్టరుతోని అన్నది:

"సార్, ఆపరేషన్ మాత్రం మీరే చెయ్యిండ్రి. ఈ పిలగానికి అప్పజెప్తే, దవడతోని కొసరుకు చెవి గూడ కోస్తడు!"