దగ్గరివాళ్లు నింపాల్సిన ఫారం

మా ఆఫీసులో ఆవిడను స్టాప్‌వాచ్ మేడం అనేవాళ్లం. ఎదురుగా కాదు, ఆవిడ అటు తిరిగాక. మనిషి మాట, చదువు, జ్ఞాపకం బడి వయసు నుంచి ముసలితనం దాకా ఎలా మారతాయో చూసే పరిశోధన మాది. అవే మనుషులు రెండేళ్లకోసారి వస్తారు. ఆవిడ వాళ్లకు అరవై బొమ్మలు ఒక్కొక్కటే చూపించి పేర్లు అడుగుతుంది, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే పని.

పరీక్ష పెట్టేవాళ్లు మాట అందించకూడదు, మెచ్చుకోకూడదు, ఆఖరికి ‘ఊఁ’ కూడా కొట్టకూడదు. ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క వాక్యాన్ని కూడబలుక్కుని చదవలేక కళ్లనీళ్లు పెట్టుకున్నా, మాట్లాడకుండా తరువాతి కాగితం తీయాలంతే. మేమందరం ఆ నియమాన్ని సాయంత్రం గదిలోనే వదిలేసి ఇంటికి పోయేవాళ్లం. ఆవిడ మాత్రం వెంట తీసుకెళ్లేది. భోజనాల దగ్గర ఆవిడకు జోకు చెప్పి, నవ్వు ఎన్ని సెకన్లకు వస్తుందో లెక్కపెట్టేవాళ్లం. ఒక్కసారీ రాలేదు. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్క పోయి ఆరేళ్లయింది. మాకు ఆవిడంటే భయం, నిజం చెప్పాలంటే విసుగు కూడా.

పోయిన ఏడాది ఒకరోజు నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపి నిలబడిపోయింది.

“అదే... కాగితాలు రెండూ కలిపి కొడతామే, అది.”

స్టేప్లర్ ఇచ్చాను. వారంలో అలా జరగడం అది మూడోసారి. ఆవిడ మొహం పాలిపోయింది. మతిమరుపు జబ్బు ఇలాగే మొదలవడం ఆవిడ ఎంతమందిలో చూసిందో!

డాక్టర్ దగ్గరికి తోడు రమ్మంటే వెళ్లాను. ఆయన సొరుగులోంచి బొమ్మలు తీశాడు. తీరా చూస్తే అవి మా బొమ్మలే. ఆవిడ అరవై పేర్లూ గడగడా చెప్పేసింది, కొన్నయితే ఆయన పేజీ తిప్పకముందే.

“నూటికి నూరమ్మా! మీకేం ఢోకా లేదు.”

“ఈ మార్కులు చెల్లవండీ,” అంది ఆవిడ. “ఇవి నాకు కంఠతా వచ్చు. మీ దగ్గరున్న మిగతా పరీక్షలు కూడా.”

డాక్టర్ బుర్ర గోక్కుని ఒక ఫారం ఇచ్చాడు. పదేళ్లుగా ఆవిడను దగ్గరగా చూస్తున్నవాళ్లెవరైనా నింపాలట. మునుపటికన్నా మాటల కోసం తడుముకుంటున్నారా? చెప్పిన కథే మళ్లీ చెబుతున్నారా? అన్నీ అలాంటి ప్రశ్నలే. ఇంట్లో మనిషైతే ఐదు నిమిషాల్లో నింపేస్తారు.

బయటికొచ్చాక ఆవిడ ఆ ఫారం నావైపు చాపింది. పదకొండేళ్లు పక్క గదిలో కూర్చున్నాను. ఆవిడ నోట ఒక్క కథైనా వింటే కదా, మళ్లీ చెప్పిందో లేదో తెలియడానికి! చెప్పలేనంత సిగ్గేసింది. తల అడ్డంగా ఊపాను.

అక్కణ్ణుంచి ఒక ముసలి దర్జీ కొట్టుకు వెళ్లాం. పరిశోధన మొదలైనప్పటి నుంచీ తప్పకుండా వస్తున్న మనిషి ఆయన. కళ్లద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, ఫారమంతా చదివాడు.

“అమ్మా, ఇన్నేళ్లలో మీరు నాతో అన్నవి రెండే మాటలు. ‘ఇదేమిటో చెప్పండి’, ‘మళ్లీ రండి’. అవైతే ఇప్పటికీ తడబడకుండానే అంటున్నారు. మిగతావి నాకెలా తెలుస్తాయి?”

ఎగతాళికి అనలేదు. మిషను పక్కనున్న స్టూలు మీది గుడ్డలు తీసి ఆవిడ ముందుకు జరిపాడు.

“పోనీ ఇవాళ మొదలుపెడదాం. ఏదో ఒకటి మాట్లాడండి. నేను వింటా. వచ్చే ఏడాదికి తేడా చెప్పగలను.”

ఆవిడ కూర్చుంది. నోరు తెరిచింది. మేమిద్దరం ఎదురుచూశాం. వీధిలో ఎవరో ఎవరినో కేకేశారు. ఆవిడ పెదవులు రెండుమూడుసార్లు కదిలి ఆగిపోయాయి. చివరికి నావైపు తిరిగింది.

“మాట దొరకట్లేదో, చెప్పడానికే ఏమీ లేదో... తెలియట్లేదమ్మా.”